వేలాడేది మంచిది

సోమవారం

తప్పు తను చేసి నా నెత్తిన రుద్దాడు. అదీ బండి ఓనరు ముందు, సొట్టలు తీసే డెంటింగన్న ముందు, టీ తెచ్చినవాడి ముందు. "మా పిల్ల చెయ్యి పెట్టాకే దీనికి ఈ రోగం పట్టుకుంది సార్" అన్నాడు మామయ్య. నవ్వుతూ అన్నాడు. నవ్వకుండా అనుంటే ఇంత మండేది కాదు.

ఓనరు కళ్ళజోళ్ళ షాపాయన. మెత్తటి మనిషి. నావైపు చూశాడు. కోపం కాదు, జాలి. ఆ చూపుకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

అసలు జరిగింది ఇక్కడ రాసిపెడుతున్నాను. నోటితో అంటే షెడ్డు రేకులు లేచిపోతాయి.

గ్రే బండిలో, ఇంజన్ని చల్లబరిచే పచ్చటి, తియ్యటి వాసన కూలెంటు ఉండే ట్యాంకు కింద సెన్సరు చిట్లింది. కారింది. మామయ్య ట్యాంకు మార్చాడు. బాగానే మార్చాడు, ఇంజను పనిలో ఆయన చేతికి వంక పెట్టేవాడు పుట్టలేదు. కానీ సెన్సరు సాకెట్టులో తడి కనపడేసరికి కంప్రెషర్ గొట్టం తెచ్చి గాలి కొట్టాడు. నేను వద్దన్నాను. "తడి ఆరబెడితే తప్పేంటే" అన్నాడు. ఆరబెట్టడం కాదది, తొయ్యడం. వైరు పైన ప్లాస్టిక్కు, లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు. వత్తి నూనె పీల్చినట్టు ఆ పోగులు కూలెంటు పీలుస్తాయి. వెనకనుంచి గాలి కూడా కొడితే ఇంకేముంది, దారి చూపించినట్టే.

ఇవాళ ఆ మాటే అడిగాను.

"గాలెవడు కొట్టాడు? నేనా?" అన్నాడు. కళ్ళార్పకుండా.

ఏం నటన. బతికుండగా అమ్మ చెప్పేది, తన తమ్ముడు చిన్నప్పుడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవని. ఇవాళ చెవులు చూశాను. మామూలుగానే ఉన్నాయి. వయసుతో పాటు ఆ సిగ్గు కూడా పోయిందన్నమాట.

మంగళవారం

గ్రే బండి రోగం వరస ఎప్పుడూ ఒకటే. ముందు వైపరు ఊగుతుంది, ఒక్కసారి. తర్వాత డ్రైవరు పక్క అద్దం బెత్తెడు దిగుతుంది. తర్వాత హారను. పొట్టి, పొట్టి, పొడుగు. తాళం నా జేబులో ఉన్నా సరే.

ఫ్యూజులు మార్చాను. రిలే మార్చాను. రెండు రోజులు బుద్ధిగా ఉంటుంది, ఓనరు ఇంటికి పట్టుకెళ్ళగానే మళ్ళీ మొదలు. మీటరు పెట్టి చూస్తే అన్నీ సరిగ్గానే చూపిస్తుంది. పెద్దవాళ్ళ ముందు చేతులు కట్టుకు నిలబడే దొంగవెధవలాగ.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళారు. నేను బండి పక్కన నేలమీద కూర్చుని మీటరు తీగలు చుట్టుకుంటున్నాను. బయట ఎండ, లోపల రేకుల వేడి, చప్పుడు లేదు. డాష్‌బోర్డు లోపల టిక్కుమంది. చిన్న చప్పుడు, నాలుకతో అన్నట్టు. వైపరు ఊగింది. పొడి అద్దం మీద కీచుమంటూ ఒక్కసారి వెళ్ళి వచ్చి పడుకుంది. తర్వాత నా తల పక్కనే అద్దం దిగింది. బెత్తెడు. లోపలి గాలి నా మొహాన తగిలింది. తియ్యటి వాసన.

ఎవరో లోపల కూర్చుని నాకేదో చెప్పడానికి అద్దం దించినట్టుంది.

"ఏంటి" అన్నాను. బండితో. పైకే.

హారను కొట్టలేదు. ఎప్పుడూ కొట్టేది ఇవాళ కొట్టలేదు. నేను జవాబు చెప్పినందుకేమో అని ఒక్క క్షణం అనిపించింది, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

ఆ వాసన పట్టుకునే వెళ్ళాను. గ్లవ్ బాక్సు ఊడదీసి వెనకాల కంప్యూటరు డబ్బా సాకెట్టు లాగితే పిన్నుల మధ్య పచ్చటి బొట్టు. ట్యాంకు ఎక్కడ, ఇదెక్కడ. బండి ముక్కు దగ్గర బయల్దేరి, ఇంజను గోడ దాటి, మనిషి మోకాళ్ళ దాకా వచ్చేసింది. వైరు బయట ఎక్కడా చెమ్మ లేదు. మొత్తం లోలోపలే నడిచింది.

డెంటింగన్న వచ్చి చూసి, "బండికి షుగరొచ్చింది. ఎక్కడపడితే అక్కడ పోస్తోంది" అన్నాడు. ఆయన పనికి సుత్తి చాలు, అన్నీ నవ్వులాటే.

మామయ్యకి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు. నిజంగా తెలీనట్టు.

బుధవారం

మాట్లాడలేదు ఆయనతో. ఆయన గమనించనేలేదు.

గురువారం

వైరింగు మొత్తం లాగేశాను, ముక్కు నుంచి డబ్బా దాకా. తడిసిన వైరు ఆరదు. గాలికీ ఆరదు, ఎండకీ ఆరదు, స్ప్రే కొట్టినా ఆరదు. కోసి పారెయ్యడమే మందు. కొత్తది తెప్పించమన్నాను. మామయ్య సరే అన్నాడు, ఎదురు చెప్పకుండా. ఎదురు చెప్పుంటే బాగుండేది, చెప్పాల్సిన మాటలు పొద్దుటి నుంచి నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

మా షెడ్డుకో రూలుంది. మామయ్య పెట్టిందే. వేలాడేది మంచిది, నేలమీదది చెత్త. పాత బండ్లలోంచి తీసిన సామాను కడిగి, చూసి, బాగుంటే రెండు స్తంభాల మధ్య కట్టిన కేబులుకి వేలాడదీస్తాం. ఎవరికి కావాలన్నా తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. నేలమీద పడేస్తే సాయంత్రం పాతసామానువాడి బస్తాలోకి. నేను పదో తరగతి తప్పి ఇక్కడికొచ్చిన మొదటిరోజు మామయ్య నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ పచ్చ వైరును నేను వేలాడదీశాను.

పైకొసకి నా తెల్ల గుడ్డ టేపు చుట్టి, మామయ్య స్టూలుకి ఎదురుగా, తలెత్తితే మొహానికి తగిలేటట్టు. కిందికొస జానెడు స్టూలు మీద పడి ఉంది. కారుతుంటే చూడాలి ఆయన. రోజూ చూడాలి. పిల్ల చెయ్యి పడి చెడిందో ఆయన గాలి పడి చెడిందో అదే చెబుతుంది. సాక్ష్యం అది.

"అది పైన కట్టావేంటి?" అన్నాడు డెంటింగన్న.

"చూడ్డానికి."

"ఎవరికి?"

"కళ్ళున్నవాళ్ళకి" అన్నాను.

శుక్రవారం

పొద్దున వైరు కొసన బొట్టు. తుడిచాను. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ బొట్టు. కోసిన వైరు, అటూ ఇటూ ఏమీ లేదు, తోసేది లేదు, లాగేది లేదు. అయినా వస్తోంది. లోపల ఎంత దాచుకుందో.

మామయ్య దాని ముందు నిలబడి, "ఇదేంటే?" అన్నాడు.

"నీ గాలి" అన్నాను.

నవ్వాడు. వెళ్ళి ఒక బండికి క్లచ్చు చూసి వచ్చి, అదే చోట నిలబడి, "ఇదేంటే?" అన్నాడు. అదే గొంతు, అదే మొహం. మొదటిసారి చూస్తున్నట్టు. ఒకసారి నవ్వొచ్చింది కదా, రెండోసారీ వస్తుందనుకున్నాడేమో. నేను మళ్ళీ బొట్టు తుడిచాను.

శనివారం

బొట్టు ఉంది. స్టూలు మీద మరక అయింది.

మంగళవారం

కొత్త వైరింగు వేసి, డబ్బా విప్పి కడిగి, ఆరబెట్టి బిగించాను. గ్రే బండి నోరు మూసుకుంది. కళ్ళజోళ్ళాయన వచ్చి ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చి, నవ్వుతూ దిగాడు. మామయ్యకి దణ్ణం పెట్టాడు.

"నాకెందుకు సార్ దణ్ణం. మా కరెంటు చేసింది" అన్నాడు మామయ్య, నా భుజం మీద చెయ్యేసి. కరెంటంటే నేనే, షెడ్డులో అందరూ అలాగే పిలుస్తారు. "నాకు వైర్ల సంగతి ఏం తెలుసు. ఇది పట్టు పడితే వదల్దు. అచ్చం వాళ్ళమ్మే."

మొన్న ఇదే మనిషి ముందు ఏమన్నాడు, ఇవాళ ఏమంటున్నాడు. ఏ ఎండకా గొడుగు. భుజం విదిలించుకున్నాను. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉంది కాసేపు, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.

మాట వెనక్కి తీసుకుంటాడనీ, తప్పు తనదే అంటాడనీ చూశాను. అనలేదు. వైరు అక్కడే వేలాడనీ.

బుధవారం

రోజంతా సామాను కొట్ల చుట్టూ తిరగడంతో సరిపోయింది. రిలేలు దొరకలేదు. సాయంత్రం షెడ్డుకొస్తే మామయ్య ఒక్కడే ఉన్నాడు, ఎందుకో హుషారుగా ఉన్నాడు. టీ గ్లాసు అందించాడు. గ్లాసు మీద ఆ తియ్యటి వాసన. ఇప్పుడు షెడ్డంతా అదే వాసన, ఏది ముట్టుకున్నా.

వైరు పొట్టిగా కనిపించింది. మొన్న స్టూలు మీద ఆనేది, ఇవాళ స్టూలుకి జానెడు పైన ఉంది. తడి దిగి ముడుచుకుందేమో.

రాగి ముడుచుకుంటుందా.

స్టూలు మార్చారేమో.

గురువారం

స్టూలు మార్చలేదు.

శుక్రవారం

ఒకటి జరిగింది. ఎలా రాయాలో తెలీదు, జరిగినట్టే రాస్తాను.

మధ్యాహ్నం నేను స్తంభం దగ్గర కూర్చుని సాకెట్లు గీకుతున్నాను. ఎండ నా వెనకనుంచి పడుతోంది. మామయ్య బండి కింది గుంటలోంచి పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను చూసి ఆగిపోయాడు. మొహం విప్పారింది. అలా నన్ను చూసి ఆయన మొహం వెలిగి ఎన్నాళ్ళయిందో.

"అక్కా, ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, మా అక్క వచ్చిందేమోనని. వెనక ఎవరూ లేరు. షటరు, ఎండ.

"అక్క డ్యూటీకి వెళ్ళింది" అన్నాను.

ఆయన తల ఊపి వేలాడుతున్న సామాను దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కటి చేత్తో తడుముకుంటూ అటు చివరికి నడిచాడు. పచ్చ వైరును కూడా తడిమాడు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

సాయంత్రం అత్తయ్య క్యారేజీ గిన్నెలకోసం వచ్చినప్పుడు, "మామయ్య మా అక్కకోసం అడిగాడు" అన్నాను. అత్తయ్య గిన్నెలు సర్దుతూనే, "నిద్ర చాలట్లేదులేవే ఆయనకి. నువ్వు మాత్రం ఆయనతో గొడవ పెట్టుకోకు" అంది. గొడవ నేను పెట్టుకున్నానా. ఎవరు ఎవర్ని అన్నారు. మేనకోడలైతే పడుండాలా.

ఆదివారం

ఇది ఇంటి దగ్గర జరిగింది. మా గది టైలరు షాపు మీద. అక్క కారు కింద సందులో, సరిగ్గా మా కిటికీ కింద ఉంటుంది. అక్క ఆ కారులో కిడ్నీ రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, రక్తం శుద్ధి అయ్యాక మళ్ళీ ఇళ్ళకి దింపుతుంది. తెల్లారేలోపు బయల్దేరాలి, ఏటి వంతెన దాటాలి. ముందు సీటు ఆ రోగుల్లో ఒకరైన మాస్టారిది, ఆయన తప్ప ఎవరూ అందులో కూర్చోరు.

పొద్దున నేను కిటికీ దగ్గర తల దువ్వుకుంటున్నాను. కింద హారను.

పొట్టి. పొట్టి. పొడుగు.

దువ్వెన చేతిలోంచి జారి సందులో పడింది. దిగి వెళ్ళాను. కారులో ఎవరూ లేరు. డ్రైవరు పక్క అద్దం బెత్తెడు దిగి ఉంది.

అక్క బండికి ట్యాంకు పగల్లేదు. కూలెంటు నిండుగా ఉంది, గీత దగ్గరే ఉంది. సెన్సరు చుట్టూ వేలు పెట్టి రాశాను, చుక్క తడి లేదు. ఈ బండికి ఆ రోగం రావడానికి దారే లేదు. ఉంటే గింటే ఒక్కటే దారి, నేను. నా చేతులు. రోజూ ఆ షెడ్డునుంచి ఈ ఇంటికి వచ్చేవి ఇవే.

సబ్బుతో కడిగాను. వాసన చూసుకున్నాను. మళ్ళీ కడిగాను.

"వదిలెయ్యవే, బండికి వయసైంది" అంది అక్క. నా మొహంలోకి చూడకుండా అంది. అక్క అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. కానీ దేని గురించి అబద్ధమో తెలీలేదు.

"రేపు ఇది తియ్యకు."

"తియ్యకపోతే వాళ్ళనెవరు తీసుకెళ్తారు, నువ్వా మోస్తావా? మాస్టారు ఒక పూట ఆలస్యమైతే కాళ్ళు ఉబ్బిపోతాయి."

ఏమని చెప్పను. నా చేతుల వాసన చూడు అననా.

సోమవారం

అక్క బతికే ఉంది. ముందు అది రాయాలి.

వంతెన మధ్యలో చచ్చింది కారు. నడుస్తూ నడుస్తూ. అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"వైపరు ఒక్కసారి ఊగిందే. వాన లేదు, మంచు లేదు. మాస్టారు, 'ఏమ్మా, నాకు టాటా చెబుతోందా' అన్నారు. వెనకాల ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అద్దం దిగింది. ఏటి గాలి లోపలికి కొట్టింది. అంతే, లైట్లు పోయాయి, ఇంజను పోయింది, స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది. వెనకాల బస్సు. దానికి మేం కనపడాలంటే మాకు ఒక్క లైటు లేదు. హారను ఒక్కటే, దానంతట అదే కొడుతోంది. ఆ హారను విని వాడు బ్రేకేశాడు. ఇంత దూరంలో ఆగాడు." చెయ్యి చాపి చూపించింది. మా గదిలో మంచానికీ పొయ్యికీ ఉన్నంత దూరం. "మాస్టారు నా చెయ్యి పట్టుకుని, 'ఇవాళ క్లాసు అయిపోయిందనుకున్నానమ్మా' అన్నారు."

నేను కారును తాడుతో షెడ్డుకి లాగించాను. ఎవరితో మాట్లాడకుండా విప్పడం మొదలుపెట్టాను. ఈసారి ట్యాంకు వైపు పోలేదు, లైట్ల వైపునుంచి మొదలుపెట్టాను. ఎడమ హెడ్‌లైటు వెనకాల వైరు మీద నల్ల టేపు కొత్తగా మెరుస్తోంది. విప్పాను. లోపల ముక్కకి ముక్క అతుకు. అతుకేసిన ముక్క పైకొసకి తెల్ల గుడ్డ టేపు.

నాది. నేను చుట్టిందే. చివర నేను పళ్ళతో కొరికిన చోటు కూడా ఉంది.

ఆ ముక్క మూరెడు. ఒత్తితే పచ్చ బొట్టు. అది దిగి దిగి ఫ్యూజు బాక్సులోకి పోయి కూర్చుంది. తడి ఏ బండిలోకెళ్ళినా చేసే పని ఒకటే.

అక్క ఏడ్చేసింది. "నువ్వు సామాను కొట్లకి వెళ్ళిన రోజే. లైటు వెలగట్లేదని తెచ్చాను. మామయ్య క్షణంలో బాగుచేసి ఇచ్చాడు, ఎంత సంబరపడ్డాడో. 'కరెంటుకి చెప్పకే, దాని పని నేను చేశానని తెలిస్తే నా మీద పడి ఏడుస్తుంది' అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు."

తలెత్తి చూశాను. వైరు వేలాడుతోంది. కొస స్టూలుకి జానెడు పైన లేదు ఇప్పుడు. నా తలకంటే పైన ఉంది.

పైకొస పోయింది, అక్క బండిలోకి. మిగిలినదాన్ని ఎవరో మళ్ళీ కట్టారు, చక్కగా, ముడి వేసి. అది మామయ్య ముడి. ఇంజను ఎత్తే గొలుసుకి వేసే ముడి. నేను వేలాడదీసింది నాలుగు మూరలు. ఉన్నది మూర. అక్క బండిలో మూర.

రెండు మూరలు లేవు.

మంగళవారం

అడిగాను. కేకలు వెయ్యకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. షటరెత్తిన అయిదో నిమిషానికి కేకలు వేశాను.

"వైరు ఏయే బండ్లలో వేశావు?"

"ఏ వైరే?"

"ఇది. ఇదిగో, ఇది."

చూశాడు. తడిమాడు. "వేలాడుతోందిగా. వేలాడేది మంచిదేగా" అన్నాడు. నెమ్మదిగా, నాకు పాఠం చెబుతున్నట్టు.

"సాక్ష్యం కోసం కట్టాను దాన్ని. నీకు తెలుసు. నీ మొహం ముందే చెప్పాను, నీ గాలి అని. అక్క నిన్న చచ్చేది. మాస్టారు చచ్చేవాడు. ఇంకా రెండు మూరలు ఊళ్ళో తిరుగుతోంది. ఎవరికి వేశావు? నటించకు మామయ్యా, నన్ను చంపినా సరే, ఇది చెప్పి చంపు."

డెంటింగన్న సుత్తి ఆపేశాడు. క్యారేజీ పట్టుకుని అత్తయ్య షటరు దగ్గరే నిలబడిపోయింది.

మామయ్య నా మొహం చూశాడు. వెతుకుతున్నాడు నా మొహంలో, కిందపడిన బోల్టు కోసం వెతికినట్టు. తర్వాత దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"అరవకు అక్కా. అందరూ వింటున్నారు. నేను సరిచేసేస్తాగా."

"మా అక్క ఇంట్లో ఉంది" అన్నాను.

"ఆయన పిలిచేది మీ అక్కని కాదే" అంది అత్తయ్య వెనకనుంచి. "మీ అమ్మని."

చెవులు చూశాను. మామూలుగానే ఉన్నాయి. ఆ సోమవారం కూడా అబద్ధమాడలేదు ఆయన. గాలి ఎవరు కొట్టారో ఆయనకి నిజంగానే తెలీదు.

అత్తయ్య క్యారేజీ నేలమీద పెట్టి తనూ నేలమీదే కూర్చుంది. ఈ మరుపు ఈ మధ్యది కాదట. ఒకరోజు ఇంటికి దారి మర్చిపోయి, వీధి చివర షాపు వాకిట్లో కూర్చుంటే ఎవరో తీసుకొచ్చారట. డాక్టరుకి చూపించారట. నా దగ్గర దాచారు.

"నీకు తెలిస్తే షెడ్డు మూయిస్తావని. ఇక్కడికొస్తేనే కాస్త మనిషిలా ఉంటాడే. చేతులకి గుర్తుంది, తలకి లేదు."

చేతులకి గుర్తుంది. నిజమే. వేలాడేది మంచిదని ఆయన చేతులకి గుర్తుంది.

నేను తిడదామనుకుని నోరు తెరిచాను. ఎవర్ని తిట్టాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ ఎంత సులువుగా ఉండేది.

బుధవారం

మిగిలిన మూర నేలమీద పడేశాను. ముక్కలు చేసి, బస్తాలో వేసి, పాతసామానువాడికి కూడా ఇవ్వకుండా నేనే చెత్త బండిలో వేసొచ్చాను.

ఆ రోజుల్లో షెడ్డుకొచ్చిన బండ్లన్నీ డెంటింగన్న గుర్తు చేసుకుంటూ చెప్పాడు. ఈసారి ఒక్క జోకు వెయ్యలేదు. ఒక్కొక్కరికి ఫోను చేసి పిలిపించాను, లేదా నేనే వెళ్ళాను. "వైరింగు ఒకసారి చూడాలండి, ఊరికే" అన్నాను. "మీ మామయ్య మంచి పనివాడు, అనుమానమేంటి" అన్నారు కొందరు. కూరగాయల వ్యానులో మూరెడు దొరికింది, తడి ఇంకా పాకలేదు. దాన్ని పీకి అక్కడికక్కడే ముక్కలు చేసి పారేశాను.

మూరెడు ఇంకా ఉంది.

"ఇంకో బండి ఉందే" అన్నాడు డెంటింగన్న చివరికి. "షెడ్డులోకి రాలేదు. పక్క సందులో నిలబెట్టి చేశాడు, నేను ఇటు ఒక బండి తలుపు సొట్ట తీస్తున్నాను, సరిగ్గా చూళ్ళేదు. తెల్లది."

"ఎవరిది?"

"తెలీదు. ఎవరో దారిన పోయేవాళ్ళు. లోపల పిల్లలున్నట్టున్నారు, నవ్వులు వినపడ్డాయి."

తెల్లది. వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఊళ్ళో సగం బండ్లు తెల్లవే. ఒక్కొక్కటీ నా ముందునుంచి వెళ్తోంది, అద్దాలు ఎత్తుకుని, ఏమీ తెలీనట్టు.

గురువారం, చీకటి పడకముందు

సాక్ష్యంగా కట్టాననే నిన్నటిదాకా రాశాను. రూలు నాకు తెలుసు. వేలాడుతుంటే ఎవరైనా తీసుకుంటారని తెలుసు. తెలిసే కట్టాను. ఆయన మొహానికి తగలాలని కట్టాను.

కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. కింద సందు ఖాళీ, అక్క కారు షెడ్డులో విప్పి ఉంది. రేపు మాస్టారుని ఆటోలో తీసుకెళ్తానంది. బళ్ళన్నీ ఇళ్ళకి తిరిగొచ్చే వేళ, రోడ్డు మీద హారన్లే హారన్లు. అన్నీ మామూలు హారన్లు. కాసేపటి క్రితం వాటి మధ్యలో, ఏటి వైపునుంచి, చాలా దూరంగా.

పొట్టి. పొట్టి. పొడుగు.

అక్క పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది. తనూ వింది.

పరిగెత్తాను. సందు చివరికి వెళ్ళేసరికి ఏమీ లేదు. చెవులు రిక్కించి నిలబడ్డాను, మళ్ళీ రాలేదు. ఏటివైపు వెళ్ళే రోడ్డు నిండా ఎర్ర లైట్లు, ఒకదాని వెనక ఒకటి. అందులో ఏది.

మామయ్యా, ఇది నీకే రాస్తున్నాను. నువ్వు చదవవు, నేనే వచ్చి చదివి వినిపిస్తాను. నీ మీద నాకు ఇంకా కోపమే. గాలి కొట్టినందుకు కాదు. ఒక్కడివే మర్చిపోయి, మిగిలిందంతా నాకు వదిలేసినందుకు. కానీ ఆ రోజు పక్క సందులో నీ చేతులు ఒక తెల్ల బండి బానెట్టు ఎత్తాయి. ఆ చేతులకి గుర్తుంటుంది. నంబరు చెప్పక్కర్లేదు. ఎవరిది, ఎటు పోతామన్నారు, లోపల పిల్లలు ఎందరు, ఏదో ఒకటి చెప్పు. నన్ను నేనుగా చూసి చెప్పలేకపోతే అమ్మ అనుకునే చెప్పు. అక్కా అని పిలువు, పలుకుతాను. ఈసారి వెనక్కి తిరిగి చూడను.

షెడ్డులో ఉంటేనే నీ చేతులకి గుర్తొస్తుంది, అందుకే పొద్దున బళ్ళు వంతెన ఎక్కకముందే వచ్చి నీ స్టూలు దగ్గర కూర్చుంటాను. మొదటి బండి షెడ్డులోకి వచ్చేలోపు నాకు జవాబు కావాలి.